ఖాళీ మంచం ఊపిరి పీల్చింది

ఊరంతా జావా నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఒక ప్లాస్టిక్ రిబ్బను వెంట పడ్డాను. మారేడ్‌పల్లిలో మా వీధిలో ఏ తలుపు తట్టినా ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరో, కాబోయే సాఫ్ట్‌వేర్ ఇంజినీరో వచ్చి తీసేవాళ్లు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన నేను మాత్రం పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బన్సీలాల్‌పేట్‌లో ఓ మేడమీద రెండు గదుల్లో నడిచే కంపెనీకి పోయేదాన్ని.

ఆ రిబ్బను చూడటానికి చాక్లెట్ చుట్టే కాగితంలా ఉండేది. రెండు వైపులా వెండి పూత. కాస్త వంచితే చాలు, బ్యాటరీ ఏమీ లేకుండానే కరెంటు పుట్టేది. ఎంత కరెంటు అంటారా, చీమ కూడా పట్టించుకోనంత. దాన్ని పెద్దది చేసి కంప్యూటర్ తెరమీద గీతగా చూపించే డబ్బా మా దగ్గర ఉండేది. దుప్పటి కింద రిబ్బను పరిస్తే, పడుకున్న మనిషి ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ గీత లేచి పడేది. ఒంటికి వైర్లు అంటించే పని లేదు కాబట్టి ఆస్పత్రులు ఎగబడి కొంటాయని మా సారు ఆశ. ఆయనది భీమవరం వైపు. అన్నదమ్ములందరూ వ్యాపారాల్లో స్థిరపడితే ఈయనొక్కడే మాలాంటి పిచ్చివాళ్లను పోగేసుకున్నాడు.

నాకు ఆ పని అంటే ప్రాణం. మా నాన్నకు ఒళ్లు మంట. బ్యాంకు ఉద్యోగం మీద శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి, తోటివాళ్ల పిల్లల కబుర్లు వినీ వినీ విసిగిపోయాడు.

“ఏటమ్మా నీ ఉద్యోగం? ఎవరైనా అడిగితే ఏటి చెప్పమంటావు? మా అమ్మాయి పరుపులమీద రిబ్బన్లు పరుస్తాదని చెప్పనా?”

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. దీపావళిలోగా ఒక్క ఆస్పత్రి అయినా మా రిబ్బనుకు సరేననాలి. లేకపోతే నేను అమీర్‌పేట్ వెళ్లి కంప్యూటర్ కోర్సులో చేరాలి. సనత్‌నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్ అప్పటికే రమ్మంది కదా అన్న ధీమాతో నేను వెంటనే మాటిచ్చేశాను.

అక్కడ మధ్యాహ్నం పూట ఒక పేషెంటు మంచంమీద రిబ్బను పరిచాం. గీత ముచ్చటగా లేచి పడుతోంది. డాక్టరమ్మ తల ఊపుతోంది. అంతలో పేషెంటు లేచి బాత్రూమ్‌కి వెళ్లాడు. మంచం ఖాళీ అయింది. గీత మాత్రం ఆగలేదు, హాయిగా లేస్తూ పడుతూనే ఉంది. డాక్టరమ్మ వంగి మంచం కిందికి చూసింది.

“ఇంకెవరైనా ఉన్నారా?” అంది. తర్వాత జాలిపడి, “ఖాళీ మంచం ఊపిరి పీల్చడం మానేశాక మళ్లీ రండి” అని పంపించేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తిరిగొచ్చి అతుకులు చూశాం, వైర్లు మార్చాం, డబ్బా విప్పి బిగించాం. మా గదిలో అంతా సవ్యంగానే ఉండేది. అలా తలలు పట్టుకుని కూర్చునుండగానే దసరా వచ్చేసింది.

ఆయుధపూజ మా కంపెనీలో ఘనంగా జరిగేది. వైర్లకు సోల్డరింగ్ చేసే ఆయన్ని అందరం అన్నా అని పిలిచేవాళ్లం. ఆయనది బన్సీలాల్‌పేటే, పూజ బాధ్యతంతా ఆయనదే. మోండా మార్కెట్ నుంచి బంతిపూలు తెచ్చి స్క్రూడ్రైవర్ నుంచి కంప్యూటర్ మౌస్ దాకా అన్నిటికీ బొట్లు పెట్టాడు. పూజకు ముందు యంత్రాలు ఆపెయ్యాలి. ఆ హడావిడిలో రిబ్బను డబ్బా, దాని కంప్యూటరూ ఆపడం అందరం మర్చిపోయాం. అన్న కర్పూరం వెలిగించి, రిబ్బనుకు హారతి తిప్పడం మొదలుపెట్టాడు. పళ్లెం దగ్గరికి వస్తే గీత లేచింది. దూరం జరిగితే పడింది.

“గిదేందమ్మా! హారతి ఇస్తుంటే లేచి దండం పెడుతున్నది!” అన్నాడు అన్న.

“మళ్లీ తిప్పన్నా!”

“హారతి గిట్ల మళ్లా మళ్లా ఇస్తరా ఎక్కడన్నా? కర్పూరం సుత అయిపోవట్టె. జెర ఆగు.”

ఆగే ఓపిక నాకెక్కడిది? రిబ్బనుకు తగలకుండా నా అరచెయ్యి పైన పెట్టాను. గీత లేచింది. చెయ్యి తీశాను, పడింది. అప్పుడు నర్సింగ్ హోమ్ కళ్లముందు కదిలింది. ఫ్యాను గాలికి కిటికీ పరదా ఊగుతూ ఉంటే, మంచంమీద ఎండ పడుతూ పోతూ ఉంది. మా గదికి ఎండే రాదు. వంచితే కరెంటు పుట్టించే ఈ పదార్థం వేడి తగిలినా పుట్టిస్తుందని మేమంతా చదువుకున్నవాళ్లమే. పరీక్ష రాసేసి అక్కడే వదిలేశాం.

ఊపిరీ నెమ్మదే, ఎండ రాకపోకలూ నెమ్మదే. వేగాన్ని బట్టి రెంటినీ విడదీయడం కుదరదు. అందుకని రెండు రిబ్బన్లను ఒకదానికొకటి తిరగేసి అంటించాం. ఎండ సంగతి వచ్చేసరికి ఒకదాని మాట ఒకటి కొట్టేస్తాయి. వంగితే మాత్రం ఒకటి సాగుతుంది, ఇంకొకటి ముడుచుకుంటుంది, అప్పుడు రెండూ ఒక్క మాటమీద ఉంటాయి.

పరీక్షించడానికి బాగా నిద్రపోయే మనిషి కావాలి. ఆదివారం భోజనం చేశాక మా నాన్న కన్నా మంచి మనిషి ఎక్కడ దొరుకుతాడు? “కరెంటు కొట్టదు గదా?” అని సణిగి ఒప్పుకున్నాడు. ఆయన పడుకోకముందు, కిటికీ పరదా ఊపుతూ ఎండలో ఖాళీ మంచం గీత చూశాను. కదలలేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాన్న పడుకున్నాడు. పొడుగాటి వైరు లాగి, హాల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాసేపటికి గురక, గురకతోపాటు అలల్లాంటి గీత.

అమ్మ పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. “దీపావళి వచ్చేస్తోంది. ఆ డాక్టరమ్మ ఒప్పుకోకపోతే ఏటి చేస్తావే?”

“మాటిచ్చాను కదమ్మా. అమీర్‌పేట్ పోతాను. కానీ ఈ పని వదలాలంటే నాకు ఏడుపొస్తోంది.”

తెరమీద గీత ఆగిపోయింది. మళ్లీ అతుకు ఊడిందనుకుని లేవబోయాను. గురక కూడా వినిపించడం లేదు. అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. గీత అలాగే చదునుగా నిలబడి, ఉన్నట్టుండి పెద్ద గుట్టలా లేచి దిగింది. అంత పెద్ద నిట్టూర్పు మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

లోపలినుంచి గొంతు వచ్చింది. “ఆ డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను. నా అంత బాగా ఎవరు పడుకుంటారు?”

అన్నట్టే వచ్చాడు. పడుకోమన్నప్పుడు పడుకున్నాడు, లేవమన్నప్పుడు లేచాడు. పరదా ఊగుతూ ఉంది, ఎండ పడుతూ పోతూ ఉంది. ఖాళీ మంచం గీత స్కేలుతో గీసినట్టు కదలకుండా ఉంది. డాక్టరమ్మ ఈసారి మంచం కిందికి చూడలేదు. ముందు రెండు మంచాలకు పెట్టి చూద్దామంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు అమీర్‌పేట్‌లో ఆగింది. కోర్సుల బోర్డులు, ఫైళ్లు పట్టుకున్న పిల్లలు, బిలబిలమంటూ జనం. నాన్న అటు చూడలేదు. నా ఒళ్లో ఉన్న రిబ్బను సంచి తీసుకుని తన నీడలో పెట్టుకున్నాడు.

“ఎండ తగలనీకమ్మా, పాడవుతాది” అన్నాడు.

ఇప్పుడు దానికి ఎండ లెక్కలేదని నేను చెప్పలేదు.