దుర్యోధనుడి ముక్కు

నా చిన్నప్పుడు మా ఊళ్లో దుర్యోధనుణ్ణి చెయ్యడానికి ఊరంతా కావలసి వచ్చేది, చంపడానికి మాత్రం భీముడి వేషగాడొక్కడే చాలు. తిరుత్తణికి పోయే బస్సు దారిలో ఉంటుంది మా ఊరు. ఏటా ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రి కూత్తు, అంటే వీధినాటకం, ఆడతారు. చివరి రోజు పొద్దున, నేలమీద మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ తొడను భీముడు గదతో కొడతాడు. లోపల పెట్టిన కుండ పగిలి కుంకుమ నీళ్లు పారతాయి. దాంతో యుద్ధం ముగిసినట్టు.

ఆ బొమ్మ వెల్లకిలా పడుకుని, మూడు ఎడ్లబండ్లు వరసగా నిలిపినంత పొడవుండేది. కాళ్లు కింది వీధివాళ్లు చేసేవాళ్లు, పొట్టా ఛాతీ పై వీధివాళ్లు. ఆడవాళ్లు మట్టి తొక్కేవాళ్లు. పిల్లలం కొబ్బరి పీచు చిక్కు తీసి అందులో కలిపేవాళ్లం. పీచు ఎందుకని అడిగితే, ముందునుంచీ వస్తున్న పద్ధతి అనేవాళ్లు. ముఖం మాత్రం మా తాత ఒక్కడే చేసేవాడు.

ఒక ఏడు చలికాలంలో తాత పోయాడు. ముఖం చేసే పని మా మామ మీద, అంటే మా అమ్మ తమ్ముడి మీద పడింది. తాత పక్కన కూర్చుని చెవులు అద్దినవాడే, చేతకానివాడేం కాదు. తొడ కొట్టే రోజుకు ముందురోజు పొద్దున్నే మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్లంతా ఆగి తలా ఒక మాట అనడమే. మీసం మీ నాయన పెట్టినట్టు లేదన్నారొకరు. కళ్లలో ఆ రాజసం యాడుందన్నారు ఇంకొకరు. ఎదురింటి పెద్దాయనైతే అక్కడే చతికిలబడి, ప్రతి పిడికెడు మట్టికీ "మీ నాయన ఇట్లా చేసేవాడు గాదే" అంటున్నాడు. మామ చేస్తాడు, చెరిపేస్తాడు, మళ్లీ చేస్తాడు. మధ్యాహ్నానికి ముఖం ఉండాల్సిన చోట ఉత్త మట్టికుప్ప మిగిలింది.

మామ లేచి ఇంటికొచ్చి పెరట్లో కూర్చున్నాడు. "తిరువళ్లూరు నుంచి ఎవుర్నైనా పిలిపించుకోండి. నేనింక ఈ మట్టి ముట్టను," అన్నాడు. అని, ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. నాకు చాలా భయం వేసింది. బయటినుంచి ఎవరో వస్తే బొమ్మకు ముఖం వస్తుంది గానీ, మామ మళ్లీ జన్మలో దాని దగ్గరికి పోడని నాకు కూడా తెలిసిపోయింది.

మా అవ్వ ఓదార్చలేదు. చేతులు కడుక్కోమని కూడా అనలేదు. పొద్దుటి నుంచి వంకలు పెట్టిన ముసలివాళ్లందర్నీ నన్ను పంపి బొమ్మ దగ్గరికి పిలిపించింది. కొడుకును రెక్క పట్టుకుని తనే తీసుకొచ్చింది. "వీనికి తెలీదు, సరి. మీరు చెప్పండప్పా. ఆయన చేసిన ముఖం ఎట్లుండె?" అని అడిగింది.

చెప్పడానికేం, అందరికీ తెలుసు. మీసం చెవులదాకా ఉండేదని ఒకరు, లేదు కిందికి వంగేదని ఒకరు. నోరు మూసుకుని ఉండేదన్నారు, కాదు పళ్లు కనిపించేవన్నారు. కాసేపటికి మామను వదిలేసి వాళ్లలో వాళ్లే కలబడ్డారు. అవ్వ తీరిగ్గా వక్కాకు నములుతూ చూస్తూ ఉంది. నాకైతే నవ్వాగలేదు.

వాళ్లు అలిసిపోయాక అవ్వ నోరు విప్పింది. అందరూ చెప్పింది నిజమేనంది. చేతిలో బలం ఉన్నన్నాళ్లూ ఒక రకంగా, కళ్లు మసకబారాక ఇంకో రకంగా, ఏ ఏటి ముఖం ఆ ఏటిదేనంది. ఆ పైన అందరూ మర్చిపోయిన ఏడొకటి చెప్పింది. తను కొత్త కోడలిగా వచ్చినప్పుడు తాత తొలిసారి ముఖం చేశాడట. అది ఎండకు నెర్రెలిచ్చి, భీముడు గద ఎత్తకముందే ముక్కు ఊడి పడిందట. జనం ఒకటే నవ్వు.

"మీ నాయన సిగ్గుతో యాడికో పోయినాడు. వెతికితే అరక్కోణం స్టేషన్లో పండుకోనుండాడు. మరుసటేడు నుంచే ఈ పీచు కలిపేది. అంతకు ముందు పీచూ లేదు, ఏమీ లేదు," అంది.

ఇన్నేళ్లూ ఇంట్లో ఈ మాట ఎందుకు చెప్పలేదని మామ అడిగాడు. మీ నాయన చెప్పనిస్తే కదా అంది అవ్వ. అప్పుడు నవ్వాడు మామ. ముక్కు చీదుకుని, వంగి, మట్టి చేతిలోకి తీసుకున్నాడు. ఎదురింటి పెద్దాయన కూడా పంచె ఎగ్గట్టి, ముక్కు మట్టిలోకి ఇంకాస్త పీచు కలిపి ఇచ్చాడు.

పొద్దుగూకే లోపల ముఖం పూర్తయింది. గొప్పగా వచ్చిందని చెప్పను. ఒక కన్ను కాస్త పెద్దది. మీసం చెవులదాకానూ పోలేదు, కిందికీ వంగలేదు. మరునాడు వేషగాళ్లు ఆటకు దిగే ముందు కూడా ఎవరో ముసలాయన "మీ నాయన చేసినట్టు లేదురా" అన్నాడు. మామ ముఖానికి పూసిన సున్నం గిన్నె కడుక్కుంటూ, "మా నాయన మొదటేడు చేసినదానికంటే మేలే మామా. ముక్కన్నా ఉండాది," అన్నాడు. ముక్కు నిలిచింది. భీముడు తొడ పగలగొట్టాడు. ధాన్యం తరగదని, ఆడవాళ్లు ఆ మట్టి పిడికెడు పిడికెడు గాదెల్లో వేసుకోవడానికి పట్టుకుపోయారు. మధ్యాహ్నానికి అక్కడ ఏమీ మిగల్లేదు. మామ మాత్రం ఆ తర్వాత చేతులాడినన్నాళ్లూ ముఖం చేస్తూనే వచ్చాడు.

నేను పెద్దయ్యాక తిరువళ్లూరులో డ్రాయింగ్ టీచరుగా పనిచేశాను. పేరుపడ్డ చిత్రకారుల బొమ్మలు చూపిస్తే పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు, చూసి పెన్సిల్ పక్కన పెట్టేసేవాళ్లు. అందుకని ఆ చిత్రకారులు కుర్రతనంలో వేసినవి, సగంలో వదిలేసినవి ఎక్కడెక్కడో వెతికి తెచ్చి ముందు అవి చూపించేదాన్ని. కళల చరిత్ర నేను పాఠంగా చదువుకున్నది చాలానే ఉంది గానీ, అది ఎందుకు పనికొస్తుందో ఆ రోజు మట్టికుప్ప దగ్గరే తెలిసింది.

ఇప్పటికీ ఏ పాత గుడికి పోయినా, స్తంభం మీద మంచి బొమ్మ కనిపిస్తే కాసేపు నిలబడిపోతాను. చెక్కిన చేతికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఆ తర్వాత, ఆ శిల్పి పాడుచేసిన మొదటి రాయి ఏ పొలం గట్టు మీద పడి ఉందో అనుకుంటూ చుట్టూ చూస్తాను.