మిట్ట ఎక్కని బండి

కడపలో ఉంటున్న మా మనవరాలు మొన్న ఫోను చేసి, ముచ్చటపడి కొనుక్కున్న పాత మోటారు సైకిలుకు సిలిండరు బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేయిస్తే బలం పెరుగుతుందని మెకానిక్ అంటున్నాడనీ, వాళ్ల నాన్న మాత్రం ఒద్దే ఒద్దంటున్నాడనీ చెప్పి, నువ్వేమంటావవ్వా అని అడిగింది. ఈ తగవు మా ఇంట్లో ఒకసారి జరిగిందనీ, అందులో గెలిచింది నేనేననీ దానికి తెలుసు. ఆలోచించి చెప్తానని ఫోను పెట్టేశాను గానీ, ఆ పూటంతా నాకు గండికోట మిట్టే కళ్ల ముందు కనిపిస్తూ ఉండింది.

ఆ తగవు తేలింది 1955లో. మా చెల్లెలు ఇప్పటికీ యాభై ఆరంటుంది, తప్పు. యాభై ఆరు ఉగాదికి నేను బాలింతను, ఏ బండీ ఎక్కలేదు. కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులు. మా ఆయన కాలువ పనుల మీద తిరిగేవారు. యుద్ధం అయిపోయాక పట్టాళంవాళ్లు వేలం వేసిన పాత మోటారు సైకిలు ఒకటి ఆయనకుండేది. కోయిలకుంట్లలో మా అత్తగారి ఇంటి నుంచి జమ్మలమడుగు దాకా బాగానే వచ్చే ఆ బండి, అక్కణ్ణించి గండికోట పక్కనున్న మా పుట్టింటికి ఎక్కే మిట్ట దగ్గర మాత్రం ఇద్దరిని లాగలేక దగ్గడం మొదలుపెట్టేది. నేను దిగేదాన్ని. ఆయన కూడా దిగి, ఇంజను ఆగిపోకుండా మెల్లగా తిప్పుతూ, బండిని పట్టుకుని నా పక్కనే నడిచేవారు. పై దాకా అంతే, ఎండలో, రాళ్ల బాటలో.

మా చెల్లెలి భర్తది కొత్త బండి. మద్రాసు నుంచి తెప్పించుకున్నది, నల్లగా నిగనిగలాడుతూ, మిట్టను మిట్టే అనుకోకుండా ఎక్కేది. యాభై నాలుగు ఉగాదికి నేను చెమటతో చీర తడిసి నడుస్తుంటే అది వెనక నుంచి వచ్చి మమ్మల్ని దాటింది. వెనక సీటులో మా చెల్లెలు ఎర్ర పట్టుచీర కట్టుకుని, కనకాంబరాలు చెదరకుండా కూర్చుని, నా వైపు తిరిగి, "మెల్లగా రా అక్కా, ఎండ శానా ఉండాది!" అంది. ఆ దుమ్మంతా నా నోట్లో పడింది. పైన మిద్దె మీద నిలబడి చూస్తున్న మా అమ్మ, "పాపం, పెద్దపాప నడిచి వస్తాండాది" అని ఊరికంతా వినబడేలా అనడం ఇంకా ఘోరం. ఎగతాళి అయితే తిరిగి ఏదైనా అనొచ్చు, జాలికి ఏమని జవాబు చెప్పేది? ఆ పండగకు నేను తిన్న ఓళిగలు నాకు వంటబట్టలేదు. ఎప్పటికైనా మా నాన్న గడప ముందు బండి మీద నుంచే దిగాలని ఆ రోజే పంతం పట్టాను.

కర్నూలు పాతబస్తీలో లేత్ మిషన్ పెట్టుకున్న ఒక సాయిబు, సిలిండరు లోపలి గోడను కొంచెం చెక్కి వెడల్పు చేసి లావు పిస్టన్ దించితే బండి కొండనైనా ఎక్కుతుందన్నాడట. ఆ మాట మా ఆయనే నాకు చెప్పి, నేను పట్టుకుని వదలకపోయేసరికి ఎందుకు చెప్పానా అని బాధపడ్డారు. మాది పెద్ద సంసారం, అత్తమామల ఎదుట పగటిపూట మొగుడూ పెళ్లాం మాట్లాడుకునే అలవాటు లేదు, వేసవిలో రాత్రిళ్లు ఇంటిల్లిపాదీ ఒకే మిద్దె మీద పడుకునేవాళ్లం, బండి మీద పోతుంటే ఆ చప్పుడులో నా మాట నాకే వినబడేది కాదు. అందుకని మా వాదులాటంతా పుట్టింటికి పోయినప్పుడల్లా ఆ మిట్ట మీదే జరిగేది.

"గోడ పల్చనైతే ఈ ఎండలకు కాగి పిస్టన్ పట్టేస్తాది. కాలవ గట్టున బండి నిలబడిపోతే నన్ను నువ్వు మోస్తావా?" అనేవారాయన.

"మోస్తా. ఇప్పుడు నా కాళ్లు నన్ను మోయడంలా?"

"బండికి బలం తక్కువ గాదులే, మా అత్త పెట్టే నెయ్యికి నువ్వే..."

"ఆ మాట మా అమ్మ ముందర అను, చూస్తా!"

ఆయన నవ్వేవారు. ఇంట్లో ఆయన అట్లా పెద్దగా నవ్వడం నేను వినలేదు. ఆ మాట నుంచి కాలువలో నీళ్ల కోసం రైతులు పడే తగాదాలకు, అక్కణ్ణించి ఆయన చిన్నప్పుడు చదువు మానేద్దామనుకున్న సంగతికి పోయి, మళ్లీ పిస్టన్ దగ్గరికి వచ్చేవాళ్లం. చివరికి యాభై అయిదు సంక్రాంతి దాటాక ఆయన బండిని కర్నూలు తోలుకుపోయి బోరు కొట్టించుకొచ్చారు.

ఆ ఉగాదికి బండి ఇద్దరినీ లాక్కుంటూ మిట్ట ఎక్కింది. ఎక్కడా దగ్గలేదు. నేనూ పట్టుచీరే కట్టాను, నావీ కనకాంబరాలే. మా నాన్న గడప ముందు దిగినప్పుడు ముందే వచ్చి ఉన్న మా చెల్లెలి ముఖం వాడిపోవడం స్పష్టంగా చూశాను. సాయంత్రం మల్లెలు కడుతూ అది మెల్లగా, "ఇంగ మీరు నడిచి రారా అక్కా?" అంది.

"ఎందుకొస్తాం? బండికి దమ్ముండాది."

"ఏం లేదు. బావా నువ్వూ మాట్లాడుకుంటా వచ్చేది మిద్దె మీద నుంచి చూస్తాంటిని. మా ఆయన ఇంటి కాడ ఎక్కించుకుంటే ఈడ దించుతాడు. దావలో ఒక్క మాట ఉండదు."

కుళ్లుబోతుతనంతో అంటోందనుకున్నాను. నా కడుపు చల్లబడింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ వేసవిలోనే మా తమ్ముడి పెళ్లికి పోతున్నప్పుడు నాకు నెల తప్పిన సంగతి ఆయనతో చెప్పాలని మనసులో దాచుకుని కూర్చున్నాను, మిట్ట వచ్చాక చెబుదామని. మిట్ట వచ్చింది. దిగుతానని ఆయన భుజం తట్టాను. "దిగేదెందుకు? గట్టిగా పట్టుకో!" అని, అంతకు ముందు బోరు ఒద్దన్న మనిషే ఉత్సాహంగా అరిచి బండిని ఇంకా వేగంగా తోలారు. నోరు తెరిచేలోగా మా నాన్న గడప వచ్చేసింది, చుట్టాలు చుట్టుముట్టారు. ఆ సంగతి నా నోటితో చెప్పడానికి మళ్లీ సందు దొరకనే లేదు. తర్వాత ఎంత అడిగినా ఆయన ఆ మిట్ట దగ్గర బండి ఆపలేదు. చెక్కేసిన గోడను తిరిగి అతికించే మిషన్ ఆ సాయిబు దగ్గర కూడా లేదు.

మనవరాలికి నిన్న జవాబు చెప్పాను. బలం పెరుగుతుందే, అది నిజం, కానీ చెక్కింది తిరిగి రాదు, ఆ రెండూ తెలుసుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అన్నాను. అది నవ్వి, ఈరోజు పొద్దున కారు తెచ్చి, నన్నూ చెల్లెల్నీ వెనక సీటులో కూర్చోబెట్టి గండికోటకు తీసుకుపోయింది. నున్నటి తారు రోడ్డు, మూసిన అద్దాలు, చల్లటి గాలి. చాలాసేపు కిటికీలోంచి చూసి చెల్లెలు అడిగింది, "మిట్ట యాడక్కా?"

"ఎప్పుడో దాటేసినాంలే అవ్వా!" అంది మనవరాలు, బండి నడుపుతూనే.

చెల్లెలు నా చేయి పట్టుకుని, "నువ్వు శానా సుఖపడితివక్కా, నడిచి" అంది. ఇన్నేళ్లయినా దాని గొంతులో అదే కుళ్లు. ఈసారి మాత్రం నా కడుపు చల్లబడలేదు. అది మెడ తిప్పి వెనక అద్దంలోంచి ఏ బాటను వెతుకుతోందో నేనూ అటే చూశాను, దానికున్నంత అసూయతోనే.