హాతీరాం కాల్లో గ్యాసు

చండ్రుగొండ సెంటర్లో హాతీరాం కోతలు వినకుండా సోడా తాగినవాళ్లు లేరు. అతని సోడా తాగిన లారీ డ్రైవరొకడు త్రేన్చితే, సత్తుపల్లి బొగ్గు గనిలో పేలుడనుకుని పనివాళ్లు పరుగెత్తారట. ఆరో తరగతితో బడి మానేసిన ఆ తండా మనిషికి ముప్పై ఏళ్లుగా లోకమంటే గ్యాసు సిలిండరు, గోలీ సీసాలు, తోపుడు బండి.

ఆ బండి తోసే ఎడమ కాలే ఇప్పుడు మొరాయించింది. పది అడుగులకే పిక్క పట్టేస్తోంది, వేలి మీద పుండు మానడం లేదు. ఖమ్మంలో డాక్టర్ లిఖిత ఉన్న మాట చెప్పేసింది. రక్తనాళం ఎక్కడో పూడింది. ఎక్కడో చూసి తెరవకపోతే కాలు దక్కదు. మామూలుగానైతే నాళాల్లోకి ఒక మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. షుగరుతో దెబ్బతిన్న హాతీరాం కిడ్నీలు ఆ మందుకు తట్టుకోలేవు.

"అందుకే గ్యాసు ఎక్కిస్తం. కార్బన్ డయాక్సైడ్," అంది.

హాతీరాం మంచం మీద లేచి కూర్చున్నాడు. "అది నా సోడా గ్యాసే గద మేడం. బండి మీద నిండు సిలిండరున్నది. తెప్పియ్యాల్నా?"

"వద్దు. మాది నాళాల్లోకి ఎక్కించేందుకు శుద్ధి చేసింది. కొంచెం కొంచెం వదుల్తం. రక్తాన్ని పక్కకు నెట్టి నాళం ఆకారం చూపిస్తది. తర్వాత రక్తంల కరిగి, ఊపిరితోని బయటికి పోతది."

కరగడమనే మాటకు హాతీరాంకు చెమటలు పట్టాయి. గ్యాసు కరిగినదాన్ని కుదిపితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. భుజం మీద సీసా పెంకు గీసిన మచ్చ ఇంకా ఉంది.

"కాలు కదిపితే పేల్తదే," అన్నాడు భార్య హేమ్లి చెవిలో.

"ఇన్నేండ్లు గన్ని కోతలు నింపినా నీ కడుపే పేలలే, కాలేం పేల్తది. గమ్మున పండు."

గజ్జల దగ్గర సన్నని గొట్టం దూర్చి గ్యాసు వదిలారు. కాలు జివ్వుమంది. ఆ జివ్వుకు చాలామంది ఉలిక్కిపడతారు, బొమ్మ చెదురుతుంది, మళ్లీ ఎక్కించాలి. హాతీరాం మాత్రం కొయ్యబారిపోయాడు. ముక్కు దురద పెట్టినా ముడుచుకోలేదు.

తెర మీద నాళం మోకాలి పైన బెత్తెడు మేర మాయమై, కింద మళ్లీ మొదలైంది. లిఖిత అక్కడికే సన్నని తీగ పంపి, బుడగ ఉబ్బించి దారి తెరిచింది. "మొదటిసారికే ఇంత సాఫ్‌గ వచ్చింది. అస్సలు ఎట్ల కదలకుండ ఉన్నరు?"

"అడివిల పులి ఎదురొస్తే గిట్లనే నిలబడ్డ మేడం. గంట సేపు. అదే ఇసుగొచ్చి పోయింది."

సాయంత్రం దాకా త్రేన్పు కోసం చూశాడు. రాలేదు. గ్యాసు ఎప్పుడో ఊపిరితో వెళ్లిపోయిందని నర్సు చెబితే చిన్నబోయాడు. హేమ్లి మాత్రం అతని పాదం అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. వెచ్చగా ఉంది.

నెల దాటాక హాతీరాం సెంటర్లో ప్యాంటు మడిచి కాలు చూపిస్తున్నాడు. "గీ కాల్ల సిలిండరు మొత్తం పట్టించిర్రు."

"సిరంజెడే," అంది హేమ్లి గ్లాసులు కడుగుతూ.

"ఆ సిరంజి సిలిండరంత ఉన్నది. పొద్దుగాల ఇంటికాడి నుంచి ఈడిదాక బండి తోసిన. ఒక్క తాన ఆగలే."

"గిదొక్కటి నిజం," అంది హేమ్లి, కడిగిన గ్లాసు అతని చేతికిస్తూ.