పచ్చయ్యప్ప జెండా వదిలేసిన పొద్దు

ముందు చప్పుడు వస్తుంది. ఫట్, ఫట్. తడిగుడ్డను గాలిలో రెండుసార్లు అడ్డంగా విదిలించిన చప్పుడు. తిరుత్తణి దగ్గరి పొదటూరుపేట నేతవీధిలో తెల్లారేవేళ అది వినపడితే సైకిళ్ళు ఆగుతాయి, పాలమనిషి ఆగుతాడు, మేకలు కూడా ఆగుతాయని వీధివాళ్ళంటారు. ఆ తరవాతే పచ్చయ్యప్ప కనపడతాడు. వీధి పొడుగునా సాగదీసిన నూలుపోగుల పడుగు చివర, గంజి వాసనలో, భుజాన తుండుగుడ్డతో, ఎండిన చెరకుగడలాంటి మనిషి.

ఆయనతో ఇంకో చిక్కుంది. ఎవరికి ఏ మాట చెప్పినా, విన్నవాళ్ళచేత దాన్ని తిరిగి అప్పచెప్పించుకుంటాడు. "మా బావింట్లో ఉప్పు బదులు తెచ్చుకోవాలన్నా పాఠం అప్పచెప్పాల" అని బావమరిది అరుణాచలం ఎగతాళి.

ఈ రెండు అలవాట్లూ ఒకే పొద్దున పుట్టాయి.

డెబ్బైల చివర్లో ఒక ఏడు నూలు దొరకలేదు. వీధిలో మగ్గాలు ఒకటొకటిగా మూగబోయాయి. ఇళ్ళు ఊపిరి పీల్చడం మరిచినట్టుండేవి. అప్పుడే కనకమ్మ సత్రం ఊరికి అవతల, ఎండిన చెరువులో నేల చదును చేసి, చెరకు తెగులుకు మందు చల్లే చిన్న విమానాన్ని దించారు. చేను రెండు చివర్లా జెండాలు పట్టుకునే మనుషులు కావాలన్నారు. బావా బావమరుదులిద్దరూ వెళ్ళారు.

విమానం నడిపే వరదన్ మద్రాసు మనిషి, తక్కువ మాటల మనిషి. ఆయన తమిళంలోనే చెప్పాడు. ఆ ప్రాంతంలో రెండు భాషలూ ఒకే నోట్లో కాపురం చేస్తాయి కాబట్టి అందరికీ అర్థమైంది. చెరొక చివర నిలబడాలి. ఇద్దరి జెండాలూ లేస్తేనే ఆయన ఆ వరుస మీదికి వస్తాడు. విమానం దగ్గరపడగానే జెండా దించి, గాలికి ఎదురుగా నడిచి తప్పుకోవాలి. "మందు మనిషి మీద పడకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ గాలి కూడా పీల్చకూడదు" అన్నాడు.

ఆ మాటకు పచ్చయ్యప్ప ఉలిక్కిపడ్డాడు. ఆయన భార్య మునిలక్ష్మికి అప్పుడు ఏడో నెల. అంతకుముందు ఒక కాన్పు నిలవలేదు. "చేలోకి అడుగు పెట్టొద్దు, కూడు చింతచెట్టు కిందనే పెట్టిపో" అని ఇంట్లో గట్టిగా చెప్పాడు. ఆమె పొయ్యి ఊదుతూ ఊ అంది. విన్నదా, ఊదిందా అని ఆయన మళ్ళీ అడగలేదు.

రమ్మనడానికి జెండా ఎత్తాలని వరదన్ చెప్పాడు. రావద్దనడానికి ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. పచ్చయ్యప్పకు అడగాలని తోచనే లేదు. నేతవీధిలో పుట్టినవాడికి అది నడకతో పాటు వచ్చే విద్య. పడుగుకు గంజి పెట్టేటప్పుడు ఎక్కడైనా పోగు తెగితే, చూసినవాళ్ళు గుడ్డను తలకు మించి ఎత్తుతారు. అంతే, వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా కొయ్యబారిపోతుంది. ఎత్తిన గుడ్డ అంటే ఆగమని.

ఆ పొద్దు మంచు ఇంకా చెరకాకుల మీదే ఉంది. విమానం తిరుత్తణి కొండ పక్కన ఒరిగి, ఎండలో చేపలా మెరిసి, మళ్ళీ చేనువైపు తిరుగుతోంది. అవతలి చివర అరుణాచలం జెండా అప్పుడే లేచింది. ఇవతల పచ్చయ్యప్ప కొత్త వరుసకు నడిచి, గట్టెక్కి, జెండా ఎత్తబోతూ చేనులోకి చూశాడు. చెరకు మధ్య కాలవదారిలో ఒక సత్తుగిన్నె తేలుతున్నట్టు వస్తోంది. దాని కింద మునిలక్ష్మి తల. చింతచెట్టు కింద ఆయన లేడని అడ్డదారి పట్టింది.

అరిచాడు. ఇంజను హోరు ఆ కేకను మింగేసింది. అప్పుడు ఆయన చెయ్యి, పుట్టినప్పటి నుంచీ నేర్చిన పని చేసింది. జెండాను తలకు మించి ఎత్తింది.

ఆగమని.

విమానం నేరుగా ఆయనవైపు వాలింది. ఆగలేదేమని ఇంకా ఎత్తాడు, మునివేళ్ళ మీద లేచి ఎత్తాడు. ఎత్తినకొద్దీ అది మరింత నమ్మకంగా, పిలిస్తే వచ్చే ఆవులా, దగ్గరికొచ్చింది. అప్పుడు తెలిసింది ఆయనకు, పిలుస్తున్నది తనేనని.

నేతవీధిలో ఎవరూ చెయ్యని పని ఒకటుంది. ఏం జరిగినా పడుగు కొస వదలరు. వదిలితే వీధిమొత్తం పని చిక్కుపడిపోతుంది. వదిలినవాడి పేరు పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు. పచ్చయ్యప్ప వదిలేశాడు. జెండాను గట్టు మీద పడేసి, దాని మీద బోర్లా పడుకుని, తెల్లగుడ్డ ఒక్క అంగుళం కూడా పైకి కనపడకుండా పొట్టకింద కప్పేశాడు.

హోరు నెత్తిమీదికి వచ్చింది. వచ్చి, వరుస మొదలుకాకముందే జెండా మాయమవడంతో మందు వదలకుండానే పైకి లేచింది. వీపు మీద గాలి పడింది, తడి పడలేదు. మెల్లగా చేనులో పిట్టల కూతలు మళ్ళీ మొదలయ్యాయి.

"ఏందయ్యా, కూడు రాలేదని పొర్లతా ఉండావా?" గిన్నె దించుతూ అడిగింది మునిలక్ష్మి.

ఆయన లేచి ఆమె కొంగు పట్టుకుని వాసన చూశాడు. "తడిసినావా?"

"చెమట. ఇంత దూరం నడిపిస్తే పన్నీరు కారతాదా?"

"చేలోకి రావద్దని చెప్పినాను గదే!"

"యాడ చెప్పినావు? ఎప్పుడు?"

ఆయనకు పొయ్యి దగ్గరి ఊ గుర్తొచ్చింది. నవ్వాడో ఏడ్చాడో ఆమెకూ తెలియలేదు.

విమానం దించి వరదన్ జీపులో వచ్చాడు. ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది. "జెండా ఎందుకెత్తావు? ఎత్తి ఎందుకు పడేశావు?"

"ఆగమని ఎత్తినాను సార్. మా వీధిలో అట్లనే."

"ఎత్తితే రమ్మని కదా నేను చెప్పింది!"

"చెప్పినారు సార్. చేతికి తెలీలేదు."

అప్పటికి పరుగున వచ్చిన అరుణాచలం రొప్పుతూనే అందుకున్నాడు. "మా బావ ఇంతే సార్. పెళ్ళిచూపుల్లో కూడా వద్దన్నట్టు తలకాయ ఆడించి మా అక్కను చేసుకున్నాడు."

వరదన్ మునిలక్ష్మిని చూశాడు. ఆమె కడుపును చూశాడు. జీపు మెట్టు మీద కూర్చుండిపోయాడు. అక్కడి నుంచే అన్నాడు: "పెద్ద ఏరోడ్రోముల్లో కింద దారి చూపేవాడు చెప్పినదాన్ని పైన విమానం నడిపేవాడు రేడియోలో మళ్ళీ పలకాలి. పలికిందాకా ఆ మాట చెప్పినట్టు లెక్క కాదు. ఇక్కడ రేడియో లేదని ఆ పద్ధతి కూడా వదిలేశాను."

మర్నాడు తెల్లారేసరికి ఆయన పొదటూరుపేటలో ఉన్నాడు. పడుగు కొస పట్టుకుని నిలబడ్డాడు, ప్యాంటుకు గంజి అంటించుకున్నాడు. పోగు తెగినప్పుడు గుడ్డ లేస్తే వీధి ఎలా ఆగిపోతుందో చూశాడు. అక్కడే ఇద్దరూ ఒప్పందానికొచ్చారు. ఎత్తితే రమ్మని. రెండుసార్లు అడ్డంగా విదిలిస్తే వద్దని. పచ్చయ్యప్ప చెప్పాడు, వరదన్ తిరిగి చెప్పాడు. వరదన్ చెప్పాడు, పచ్చయ్యప్ప తిరిగి చెప్పాడు. వీధంతా వాకిళ్ళలో నిలబడి నవ్వింది, తరవాత ఆ విదిలింపునే తనూ ఆగమనడానికి వాడుకుంది.

చెరకు పని ముగిశాక విమానం వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. నూలు వచ్చింది, మగ్గాలు ఊపిరి తీసుకున్నాయి. మునిలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. కోకిల అని పేరు పెట్టుకున్నారు. ఈ కథ రాసుకునేనాటికి ఆ పిల్ల తిరుత్తణిలో బడికి పోతోంది. బస్సెక్కే ముందు రోజూ నాన్నకు అప్పచెప్పి పోతుంది: రోడ్డు ఎట్లా దాటాలో, ఎక్కడ నిలబడాలో. విసుగొచ్చినా అప్పచెబుతుంది.

ఈ కథంతా రాసుకున్నవాడిని పచ్చయ్యప్ప వీధి మలుపుదాకా సాగనంపాడు. తిరుత్తణి బస్సు రోడ్డుకు ఆ పక్కన ఆగుతుంది, ఈ పక్క లారీలు మలుపులో కనపడకుండా వస్తాయి. ఆయన తుండుగుడ్డ భుజం మీంచి తీసి చేతిలోకి తీసుకున్నాడు.

"నేనిక్కడే నిలబడి చూస్తా ఉంటాను సార్. గుడ్డ విదిలిస్తే ఆగండి, ఎత్తితే దాటండి. ఏదీ, నేనేం చెప్పినానో ఒకసారి మీరు చెప్పండి?"