మైకు చాచా గొంతును వదలండి

చచ్చిపోయిన మనిషి చేత ఆదోనిలో చీరలు అమ్మిస్తున్నారు. బతికుండగా ఆయన కుదరదన్న పనిని, మట్టి ఇచ్చి వారం తిరక్కముందే ఆయన చేత చేయిస్తున్నారు.

మైకు చాచా పోయిన సంగతి మీకు తెలుసు. తెల్లవారుజామున నమాజుకు లేచి, కుళాయి దగ్గర కూలబడ్డాడు. మీలో ఎక్కువమంది ఫోనులో చూసి ఉంటారు. కొందరు ఆటో మైకులో విని ఉంటారు. ఆ మైకు పట్టుకున్నది నేనే. ఆయన్ని ఎక్కించుకుని నా ఆటో నడిపిన ఇన్నేళ్ళలో నేను మైకు ముట్టినవాణ్ణి కాదు. ఊళ్ళో అందరి చావులూ చెప్పిన మనిషి చావు చెప్పడానికి వేరే గొంతు దొరకలేదు. తండ్రి పేరు, వీధి పేరు, జనాజా నమాజు ఎప్పుడు, ఏ మసీదులో. ఆయన చెప్పే వరుసలోనే చెప్పాను. రెండో మలుపుకే నా గొంతు బొంగురుపోయింది.

నాది తుగ్గలి పక్క పల్లె. చదువు పది దగ్గరే ఆగింది. ఫోను మీద నాకు పగ లేదు. ఆటో ఇంజను విప్పడం, ఈ నాలుగు ముక్కలు టైపు చేయడం, రెండూ ఫోను చూసే నేర్చుకున్నాను. కాబట్టి కొత్తదంటే కిట్టనివాడు ఏడుస్తున్నాడని తీసెయ్యొద్దు.

చాచా పని ఇది. బట్టల షాపు తగ్గింపు ధరలు, పత్తి మార్కెట్టుకు సెలవు, కుళాయి నీళ్ళు రాని రోజు, తప్పిపోయిన పిల్లలు, చావులు. హిందువుల ఇంట్లో చావైనా, ముస్లింల ఇంట్లో చావైనా ఆయన గొంతులో ఊరు తిరగాల్సిందే. ఊరికి వార్తా ఆయనే, వ్యాపారమూ ఆయనే. రెంటికీ మధ్య ఒక గోడ పెట్టుకున్నాడు. ఆ గోడ, నీళ్ళ సీసా. చావు చెప్పాక, వేరే మాట చెప్పేముందు ఆటో ఆపించి, దిగి, నోరు పుక్కిలించేవాడు.

ఒక ఎండాకాలం సీసా ఖాళీ అయింది. చావు కబురు చెప్పి వస్తున్నాం. బట్టల షాపు నుంచి ఫోను మీద ఫోను.

“ఈ ఒక్కసారికి కానీ చాచా. ఎవరు సూస్తారు?” అన్నాను.

“సూసేదానికి ఏముందిరా. మైకంటే యినేది గదా” అన్నాడు. “చావు సెప్పిన నోటితో బేరం సెప్పగూడదప్పా. నడుమ నీళ్ళు పడాల.”

షాపువాణ్ణి కాచుకోమని, ఆటోను ఆయన ఇంటికి తిప్పించాడు. గుమ్మానికి కట్టిన పరదా పక్కనుంచి చాచీ చెయ్యి చెంబుతో బయటికొచ్చింది. అప్పటినుంచి అదే అలవాటైపోయింది. చావు కబురు తిప్పిన రోజు ఆఖరున ఆ వీధికే వెళ్ళేవాళ్ళం. హారను కొట్టే పని లేదు. మైకులో గొంతు మలుపు తిరిగేసరికి చెంబు బయట ఉండేది.

ఇంకో పట్టు కూడా ఉండేది ఆయనకు. చూడకుండా చావు చెప్పడు. ఒకసారి వాట్సాప్ గ్రూపుల్లో నూనె మిల్లు పాత సేటు ఫోటోకు దండ వేసి పెట్టారు. పొద్దుటికల్లా వందమంది చేతులు జోడించారు. చాచా నన్ను తీసుకుని సేటు ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసింది సేటే. చేతిలో కట్టుడుపళ్ళ గిన్నె.

“ఏం సాబ్, నన్ను తీస్కపోను నువ్వొచ్చినావా?”

“లేదు సేట్. ఆరోగ్యం ఎట్లుందో కనుక్కుందామని.”

“ఆరోగ్యం బాగుంది. దండ వేసిన ఫోటోనే బాగలేదు” అన్నాడు సేటు. ముగ్గురం టీ తాగి వచ్చాం.

ఎమ్మిగనూరు జాతరలో ఒక పాప తప్పిపోయింది. చాచా ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుని మైకులో ఏమన్నాడో నాకిప్పటికీ గుర్తే. “ఒకమ్మ తప్పిపోయింది. పసుపు గౌను వేసుకున్న పాప ఈడ భద్రంగా కూర్చోని ఆయమ్మ కోసం ఎదురు సూస్తాంది. ఆయమ్మ యాడ కనపడినా తోలుకరాండి.” జనం నవ్వారు. ఏడుస్తున్న పాప కూడా నవ్వింది. తల్లి పరుగెత్తుకొచ్చింది.

ఈ గొంతుకే ఊరు నమ్మకం ఇచ్చింది. ఆ నమ్మకం మీదే కన్ను పడింది.

నిరుడు మొబైల్ షాపు మేడ మీద స్టూడియో పెట్టినవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఫోనులో ఊరి వార్తల చానెల్ నడుపుతారు, షాపులకు ప్రకటనలూ చేసి పెడతారు. చాచా గొంతును కంప్యూటరుకు నేర్పిస్తామన్నారు. ఇక ఆయన ఎండలో తిరగనక్కరలేదు, ఇంట్లో కూర్చున్నా గొంతు పని చేస్తుందన్నారు.

“నేను యాడికైనా వచ్చి సెప్తా. నా గొంతును ఒక్కదాన్నే పంపను” అన్నాడు చాచా. నా ముందే అన్నాడు. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

చాచా పోయాక వాళ్ళకు అడ్డు లేకపోయింది. పాత రికార్డింగులు, గ్రూపుల్లో ఆయన పంపిన వాయిస్ మెసేజీలు పోగేశారు. ఇప్పుడు వాళ్ళ చానెల్లో పొద్దున్నే చాచా గొంతు ఫలానా వీధిలో ఫలానావారు పోయారని చెప్తుంది. ఊపిరి తీసుకోకుండా అదే గొంతు పెళ్ళి పట్టుచీరల మీద సగం ధర అంటుంది. నడుమ నీళ్ళు లేవు. అదే పెన్ డ్రైవ్‌లో వేసి ఆటోలో ఊరంతా తిప్పుతున్నారు. మొదట తిప్పమని అడిగింది నన్నే. “నీ ఆటోలోనైతే జనం ఇంకా నమ్ముతారన్నా” అన్నారు. నేను కాదంటే వేరే ఆటో పెట్టారు.

మేడ ఎక్కి అడిగాను.

“అది ఆయప్ప గొంతు గాదన్నా, సాఫ్ట్‌వేర్ గొంతు” అన్నాడు స్టూడియో ఓనరు. నా వయసువాడే. “ఒక రకంగా ఆయప్పకు మేం చేస్తాండే గౌరవమే అనుకో.”

“గౌరవమైతే మీ నాయన గొంతు పెట్టుకో.”

“మా నాయన గొంతు ఎవరు యింటారన్నా?”

దొంగతనం అంటే ఏమిటో వాడి నోటితోనే చెప్పేశాడు. వాడికి మాత్రం అర్థం కాలేదు.

మీలో కొందరికీ చెప్పాలి. ఆ వీడియోల కింద గుండె బొమ్మలు పెట్టి ‘చాచా బతికే ఉన్నాడు’ అని రాస్తున్నారు. బజారులో ఆ గొంతు వినపడితే నేనూ తల తిప్పుతున్నాను. తిప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండుతోంది. స్టాండులో కాలు నిలవడం లేదు. కానీ నాకు పారిపోవడానికి ఆటో ఉంది. చాచీకి లేదు. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు. ఇద్దత్ అంటారు. ఆమె గడప లోపల ఉంటుంది, ఆయన గొంతు వీధిలో పోతుంటుంది. రోజూ.

మొన్న బియ్యం ఇవ్వడానికి వెళ్ళాను. గుమ్మం బయట నిలబడి పలకరిస్తుండగా ఆ ఆటో మలుపు తిరిగింది. పరదా కదిలింది. పక్కనుంచి చెయ్యి వచ్చింది, చెంబుతో.

“చాచీ, అది ఆయన గాదు” అన్నాను.

“తెలుసు బేటా” అంది లోపలినుంచి. “తెలిసే లేస్తాండా. కాళ్ళు యినవు.”

ఆటో ఆగలేదు. చీరల ధరలు చెప్పుకుంటూ వెళ్ళిపోయింది. చెంబు ఇంకా బయటే ఉంది. అంచు దాకా నిండిన నీళ్ళు కొద్దికొద్దిగా గడప మీద ఒలుకుతున్నాయి.

స్టూడియో వాళ్ళకూ, డబ్బిచ్చి చేయించిన బట్టల షాపు ఓనరుకూ చెప్తున్నాను. పెన్ డ్రైవ్ ఆపండి. చానెల్ నుంచి ఆ గొంతు తీసెయ్యండి. అది చాచా చెప్పిన మాట కాదని మీ సొంత గొంతుతో ఊరికి చెప్పండి. జవాబు నాకు ఫోనులో వద్దు, ఆటో స్టాండుకు వచ్చి చెప్పండి. రాకపోతే, మీ ఆటో తిరిగే ప్రతి వీధిలో దాని వెనకే నా ఆటో తిరుగుతుంది. ఇది చాచా గొంతు కాదని ప్రతి మలుపులో ఈ బొంగురు గొంతుతోనే చెప్తాను.

వచ్చే శుక్రవారం జుమ్మా అజాన్ దాకా చూస్తాను.