కుడి దిక్కు కూసునే బండి

అందరు పైలమేనా?

ఊర్ల ఉన్న మా తమ్ముడు ఎల్లయ్యా, నీ దమ్ము ఎట్లున్నది?
భివండిల ఉన్న చెల్లె పద్మా, బీపీ గోలీలు యాళ్లకు ఏస్కుంటున్నవా?
కోడలా సరితా, చంటిదానికి జరం ఇడిసిందా?

జర అందరు ఈ గ్రూపుల ఒక్క మాట రాయుండ్రి. ఫోన్ మోగితే చాలు, నా పాణం గుంజుకపోతున్నది.

మా మరిది రాజేశం నిన్న పొద్దున పోయిండు.

నాకైతే ఇంకా నమ్మబుద్ధి అయితలేదు.

రాత్రి పాలి డ్యూటీ చేసి, బట్ట నేసే సాంచాల కాడికెల్లి ఇంటికొచ్చిండు. చాయ్ తాగిండు. ఛాతిల పట్టేసినట్టున్నది, గ్యాస్ అయ్యుంటది అని ఒరిగిండట. జరసేపటికి ఆయన బిడ్డ మమత నాకు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, పప్పా లేస్తలేడు."

"రాత్రంత పని చేసిండు గదా బిడ్డా, పండుకోనియ్యి" అన్న.

"గట్ల కాదు పెద్దమ్మా..."

గా గొంతు విన్నంక ఆళ్లింటికి ఉరికిన.

ఆటోల దవాఖానకు కొంచవోయిండ్రు. దారిలనే అయిపోయిందని డాక్టర్ చెప్పిండు. సాయంత్రానికి దహనం గూడ అయ్యింది.

రేపు మూడొద్దులు. తాపి నది ఒడ్డుకు పోయి పిట్టకు బువ్వ పెట్టాలె.

నన్ను రావద్దంటున్నరు. మనోళ్లు టెంపోల పోతున్నరు. నన్ను రెక్క పట్టి పైకి గుంజేటట్టు లేదు. "నువ్వు ఇంట్లనే ఉండి మొక్కుకో" అంటున్నరు.

మమత ఏమో, "పప్పా బండి మీద నేను తీస్కపోత" అంటున్నది.

పొద్దటి సంది గిదే రంది నాకు.

గా బండి ముచ్చట మీకు చెప్పాలె.

నా కుడి చెయ్యి బుజం కాడ లేవదు, మీకు ఎరికే. బండి మీద ఆడోళ్లు ఎడమ దిక్కు కాళ్లేసి కూసుంటరు, కుడి చేత్తోని నడిపేటోని బుజం పట్టుకుంటరు. నాకు గదే రాదు. షేర్ ఆటో ఎక్కితే నూకుతరు, గుంజుతరు. మా ఆయన పోయినంక నేను నవాగామ్‌ల మా గల్లి దాటుడే బందైంది. దవాఖానకు గూడ పోకపోతి.

ఒక సెలవు దినం రాజేశం వచ్చి అడిగిండు.

"వదినే, ఎడమ చేత్తోనైతే పట్టుకుంటవా?"

"పట్టుకుంట గని, కుడి దిక్కు కాళ్లేసి కూసునే బండి ఏడున్నదయ్యా?"

దుకాణంకెల్లి కాళ్లు పెట్టుకునే పలక తెచ్చిండు. చీర చక్రంల పడకుండ పెట్టే జాలి తెచ్చిండు. గవన్ని ఎడమ దిక్కుకే చేస్తరు. ఇంటి ముంగట గోనె సంచి పర్సి, పానాలు ముంగటేస్కొని కూసున్నడు.

కుడి దిక్కు సైలెన్సర్ అడ్డమొచ్చింది. పలక కుదురుతలేదు. ఇప్పిండు. వంచిండు. మళ్ల బిగించిండు. చేతులంత గ్రీసు. బువ్వకు పిలిస్తే గూడ లేవలే.

ఎదురింటి గుజరాతి భాయ్ చాయ్ తాగుకుంట చూసి, తిరగేసి పెట్టినవని ఒకటే నవ్వుడు.

"అరే రాజేశ్‌భాయ్, ఉల్టా లగా దియా!"

"మా వదినెకు ఇదే సీదా" అని హిందీల చెప్పి, తల గూడ ఎత్తకుండ నట్టు తిప్పుతనే ఉన్నడు.

నేను ఊకుంటనా?

కాలు కాలుతదేమో అన్న. సైలెన్సర్ మీద ఇంకో జాలి ఏసిండు.
ఎనుకకు పడ్తనేమో అన్న. బ్యాక్‌రెస్ట్ పెట్టిండు.
పతంగి దారం గొంతు కోస్తదేమో అన్న. హ్యాండిల్ మీద తీగ వంచి కట్టిండు.

నేను ఏ భయం చెప్తే గా భయానికి ఒక సామాను బిగిచ్చుడే.

ఆఖరికి "నట్టు ఊడితే?" అన్న.

"వదినే, ఊడితే నేను పడ్త ముందుగాల, సూడు" అని మమతను బండి నడపమన్నడు. తువ్వాల నెత్తిమీద కొంగు లెక్క కప్పుకున్నడు. గంత పెద్ద మీసాలాయన, కుడి దిక్కు కాళ్లేసి, ఆడోళ్ల తీరు ఒద్దికగ కూసున్నడు. గల్లి ఆ మూల దాక పోయి వచ్చిండు. పిల్లలు ఎనుక ఉరుకుతున్నరు. మా తోటికోడలు లక్ష్మి సిగ్గుతోని లోపలికి పోయింది.

"ఏమమ్మా రాజేశమ్మా, ఏ ఊరు నీది?" అని నేనే అడిగిన.

మా ఆయన పోయినంక నేను నవ్వుడు గదే మొదలు.

గప్పటి సంది బుజం కసరత్తుకు దవాఖానకు, కూరగాయలకు, లింబాయత్‌ల పెండ్లికి, ఏడికన్నా ఆయనే. నేను కూసునేదాక రెండు కాళ్లు కింద ఆనిచ్చి బండిని కదలనియ్యకపోతుండె. "కూసున్నవా? కొంగు చూస్కున్నవా?" అని అడిగినంకనే కిక్కు కొడుతుండె.

ఇయ్యాల పొద్దున పోయి చూసిన. బండి ఆడనే గోడకు ఉన్నది. పలక మీద నా చెప్పుల మట్టి ఇంకా అట్లనే ఉన్నది.

నా కాళ్లకు పలక పెట్టిన మనిషి లేకపాయె.

లక్ష్మి గోడకు ఒరిగి బండి దిక్కే చూస్తున్నది. మమత నా పక్కకు వచ్చి కూసున్నది. "పెద్దమ్మా, నువ్వు పెట్టకపోతే పప్పా ముట్టడు" అన్నది. పిట్ట ముట్టకపోతే నేను ఎట్ల బతకాలె?

దారిల ఉధనా రోడ్డు మీద లారీలు గుర్తొస్తే ఇప్పటికీ భయమే. పిల్లకు లైసెన్స్ వచ్చి ఎన్నో దినాలు కాలే. రాత్రి నిద్ర గూడ పట్టకపాయె, పొద్దున కండ్లు తిరుగుతయేమో. బండి మీద కండ్లు తిరిగితే ఏం గావాలె?

అయినా పోత.

ఆయనకు ఇష్టమని చేపల పులుసు చేస్తున్న. డబ్బా ఒళ్లె పెట్టుకుంట. ఎడమ చేత్తోని పిల్ల బుజం పట్టుకుంట.

రాజేశం, పైలంగ పో అయ్యా. అందరి భయాలు మోసినవ్. ఇగ నీ పాణం నిమ్మళంగ ఉండాలె. లక్ష్మిని, పిల్లను మేం చూస్కుంటం.

మనోళ్లందరికి చెప్తున్న. రేపు బుధవారం పొద్దుగాల, ఎండ ఎక్కకముందే, నేను, మమత తాపి ఒడ్డుకు వస్తున్నం. మెల్లగ వస్తం. మేం వచ్చేదాక విస్తరి పెట్టకుండ్రి.