మా పెరటికి వచ్చిన గరుడ పక్షులు

మా పెరటి జామచెట్టు దగ్గరకు గరుడ పక్షులు రావడం నా పూజాఫలమని కాలనీ అంతా చెప్పుకున్నాను. సింహాచలం అప్పన్నే పంపాడని వాట్సాప్ గ్రూపులో ఫోటోలు కూడా పెట్టాను. అది అబద్ధం. అవి మాకు చేపలమ్మే ఆమె కోసం వచ్చేవి.

ఆమె రోజూ ఆ చెట్టు నీడలో, కుళాయి పక్కన కూర్చుని చేపలు కోసేది. పేగుల్ని వెనక్కి చూడకుండానే భుజం మీదుగా విసిరేసేది. ఆ వేళకు నేను వరండాలో కళ్లు మూసుకుని జపంలో ఉండేవాణ్ణి. కళ్లు తెరిచేసరికి గరుడ దర్శనం!

ఇంత పవిత్రమైన చోట నీచు కంపేమిటని ఒకరోజు ఆమెను రావద్దన్నాను.

"గరుడికి సేప పడదేటి బాబూ?" అని నవ్వి, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి పక్షులూ లేవు. వారం తర్వాత వెనక వీధిలో కనిపించాయి. ఆమె మండుటెండలో గోడవారన కూర్చుని విసురుతుంటే గాల్లోనే అందుకుంటున్నాయి.

నన్ను చూసి, "దర్శనానికొచ్చారేటి బాబూ? సెప్పులిప్పేసి రండి," అంది.

తప్పయిపోయింది, మళ్లీ మా నీడకు రమ్మని అడగడానికి వెళ్లినవాణ్ణి, అరకిలో కానాగంత చేపలు కొనుక్కుని వచ్చేశాను.